గృహస్థులతో నాలుగు మాటలు: ఇంటి హాజరు



క్రిందటి నెల మన గుడిలో రాత్రియంతయు రామభజన జరిగినది. తెల్లవారుజామున మేము ప్రసాదము పంచుచుండగా ఒక యువతి మా యొద్దకు వచ్చి నిలిచెను. భుజముపై రెండేండ్ల బిడ్డ నిద్రించుచుండెను. చీర కొంగు పట్టుకొని అయిదేండ్ల బాలుడు నిలుచుండెను. ఆమె సముద్రతీరపు హోటలులో పని చేయును. భర్త ఓడరేవులో పని చేయును. ఒకరికి పగటి పాళీ వచ్చినచో రెండవవారికి రాత్రి పాళీ వచ్చును. ప్రసాదము అందుకొనిన పిదప కూడ ఆమె కదలలేదు.

"అయ్యగారూ, ఒక మాట అడుగవలెను. మేమిద్దరమును పిల్లల కొరకే పాటుపడుచున్నాము. ఆ పిల్లలతోనే ఉండలేకపోవుచున్నాము. ఉన్న కొద్దిసేపును కసరుటతోనే గడచిపోవుచున్నది. కసరినందుకు మనసు నొచ్చి అడిగినదెల్ల కొనిపెట్టుదును. మరునాడు మరల కసరుదును. ఇది దోషము కాదా? దీనికి ఏ పూజ చేయించవలెను?"

ఇల్లు కట్టినవారు పూజ అడుగుదురు. కారు కొనినవారు అడుగుదురు. పరీక్షలు వ్రాయు పిల్లల తల్లిదండ్రులు అడుగుదురు. నలువది ఏండ్లకు మించి పూజలు చేయించుచున్నాము గాని ఇట్టి దోషమునకు పూజ అడిగినవారు మాకు తారసపడలేదు. అప్పటికప్పుడు ఏమియు చెప్పలేక, "సంచికలో వ్రాసెదము, తల్లీ" అని పంపితిమి. ఈ నెల నాలుగు మాటలును ఆమెకు జవాబు. ఆమె వలెనే అడుగదలచి అడుగలేక ఊరకున్న తల్లిదండ్రులకు కూడ ఇదే జవాబు.

మా చదువు ఆరవ తరగతితో ముగిసినది. మా చిన్ననాట ఈ దేశమున పై చదువు ఉచితము కాదు. 1977లోగాని అది ఉచితము కాలేదు. కావున మేము పండితులమని చెప్పుకొనము. మా తల్లిదండ్రుల యింట చూచినది, పురాణములో విన్నది, మేము స్వయముగా చేసిన తప్పు, ఈ మూడే మా ఆధారములు.

మన పెద్దలు ఈ దీవికి వచ్చినది చెరకు కొరకు. 1834 మొదలు 1910 వరకు నాలుగున్నర లక్షలకు మించిన జనము ఒప్పందపు కూలీలుగా మారిషస్‌లో దిగిరి. వారిలో మన తెలుగువారు గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములవారు. కోరంగి రేవున ఓడలెక్కి వచ్చినందున తొలిదినములలో మనవారిని ఇక్కడ కోరంగీలని పిలుచుచుండిరి.

ఆ దినములలో ఎస్టేటులందు ఒక కట్టడి ఉండెను. కూలివాడు ఒక దినము పనికి రాకున్నచో రెండు దినముల కూలి కోసివేయుదురు. దానిని డబుల్ కట్ అనుచుండిరి. తెల్లవారకముందే సర్దారు పేర్లు పిలుచును. పలికినవాడు ఉన్నట్లు, పలుకనివాడు లేనట్లు. బిడ్డకు జ్వరము వచ్చినదని ఇంట నిలిచినవాడును ఆ లెక్కలో లేనివాడే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆ కట్టడి తొలగిపోయెను. ఐనను హాజరు తప్పరాదను భయము మాత్రము మన రక్తమున నిలిచిపోయినది. నేడు చక్కెర మిల్లులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మిగిలినవి. మన బిడ్డలు హోటళ్లలోను, కార్యాలయములలోను, దుకాణములలోను పని చేయుచున్నారు. ఎక్కడ పని చేసినను పనికి ఆలస్యముగా పోవువారు మనలో తక్కువ. అది మన గౌరవము. పనియందు ఇంత కచ్చితముగా ఇచ్చిన హాజరును ఇంటియందు కూడ ఇచ్చితిమా అనునదే మన ప్రశ్న.

మా తండ్రిగారు చెరకు కోయుచుండెడివారు. జూన్ మొదలు డిసెంబరు వరకు కోతల కాలము. ఆ నెలలలో ఆయన చుక్కలుండగానే లేచి పోవుదురు. మా తల్లియు కలుపు తీయుటకు పోవును. మేము అయిదుగురము మామ్మ చేతిలో పెరిగితిమి. తండ్రితో కూర్చుండి పాఠము చదివినట్టి జ్ఞాపకము మాకు లేదు. ఆయనకు చదువు రాదు. ఆయన మాతో ఆడినట్లును జ్ఞాపకము లేదు. ఆయనకు ఓపిక ఉండెడిది కాదు. కాని ఒక్క పని తప్పక చేసెడివారు. పని నుండి వచ్చి స్నానము చేసి, దీపము పెట్టిన పిదప గడపపై కూర్చుండి మా పేర్లు పెద్దవానితో మొదలుపెట్టి వరుసగా పిలుచుదురు. పిలిచినవారము పోయి ఎదుట నిలువవలెను. చెరకు ఆకులు కోసిన గరుకు అరచేయి మా తలపై పెట్టి, "ఈ దినము ఏమి చేసితివి?" అని అడుగుదురు. చెప్పుట ముగియు వరకు విందురు. తప్పు చేసియున్నచో అచ్చటనే ఒక మాట అందురు. తరువాత రెండవవాని పేరు.

ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషములకు మించలేదు. 1960లో కారొల్ తుపాను వచ్చి మా యింటి పైకప్పు ఎగిరిపోయినది. ఆ సాయంకాలము బడి భవనమున వందలమందితో కలసి తలదాచుకొన్నాము. అక్కడను, ఆ చీకటిలోను, ఆయన మా అయిదుగురి పేర్లు వరుసగా పిలిచెను. ఇల్లు లేకపోయినను ఇల్లున్నట్లే మాకు తోచినది. పేదవాని బిడ్డలకు ఆ మూడు నిమిషములు ఎంత ధనమో పెరిగి పెద్దయిన పిదపగాని మాకు తెలియలేదు.

ఇక మా తప్పు చెప్పెదము. మేము వారమున అయిదు దినములు చక్కెర మిల్లులో పని చేసి, శని ఆదివారములు పూజలకు పోవుచుంటిమి. గృహప్రవేశములు, నామకరణములు, సత్యనారాయణ వ్రతములు. ప్రతి యింటను పిల్లలను దగ్గరకు పిలిచి, అక్షతలు చల్లి, ఆయురారోగ్యములు కోరి దీవించుచుంటిమి. మా యింటికి వచ్చుసరికి మా పిల్లలు నిద్రించుచుండెడివారు. దైవకార్యమే గదా అని మాకు మేమే సమాధానము చెప్పుకొనుచుంటిమి.

1989లో ఒక ఆదివారము ఒక పూజ త్వరగా ముగియుటచే మధ్యాహ్నమే ఇల్లు చేరితిమి. మా కుమారునికి అప్పుడు ఏడేండ్లు, కుమార్తెకు అయిదు. పెరటిలో బడి ఆట ఆడుచుండిరి. వాడు ఉపాధ్యాయుడు. గులకరాళ్లను వరుసగా పేర్చి ఒక్కొక్కదానికి ఇంటిలోని ఒకరి పేరు పెట్టి హాజరు పిలుచుచుండెను. చెల్లెలు అందరి తరపునను పలుకుచుండెను. "అమ్మ?" "ప్రెజెంట్." "మామ్మ?" "ప్రెజెంట్." మా కుక్క పేరు పిలిచెను. "ప్రెజెంట్." తరువాత "నాన?" అనెను. పిల్ల ఏమనవలెనో తెలియక తలయెత్తి చూచెను. వాడే చెప్పెను: "నాన ఆబ్సెంట్. పూజకు పోయినాడు." ఆ రాయి తీసి వరుస ప్రక్కన పెట్టి తక్కిన పేర్లు పిలుచుట సాగించెను.

మేము తలుపు చాటున నిలిచియుంటిమి. వాని మాటలో కోపము లేదు, ఏడుపు లేదు. వాన పడుచున్నదని చెప్పినట్లు చెప్పెను. అదియే మాకు తగిలినది. బిడ్డ అలిగినచో ఇంకను మన కొరకు ఎదురుచూచుచున్నాడని అర్థము. అలుగుట మానివేసినచో లెక్క ముగించినాడని అర్థము. ఇంటి కుక్క హాజరైనది, తండ్రి కాలేదు.

ఆ తప్పును దిద్దుకొనబోయి రెండవ తప్పు చేసితిమి. ఆ వారము నుండి ప్రతి పూజ నుండి వచ్చునప్పుడు మిఠాయిలు, బొమ్మలు తెచ్చుట మొదలుపెట్టితిమి. పిల్లవాడు అడిగినదానికెల్ల సరేనంటిమి. తల్లి టెలివిజను చాలునన్నచో మేము ఇంకొక గంట అంటిమి. తల్లి చదువుకొమ్మన్నచో మేము రేపు చదువునులే అంటిమి. మూడు నెలలు ఇట్లు జరిగినది. పిల్లలు మా కొరకు పరుగెత్తుకొని వచ్చుచుండిరి. ముందుగా చూచునది మాత్రము మా సంచి. ఒకనాటి రాత్రి మా భార్య శాంతముగానే ఒక మాట అనెను. "వారమంతయు వద్దనునది నేను. ఆదివారము సరేననునది మీరు. నేను ఇంటికి సర్దారునైతిని, మీరు చుట్టమైతిరి. పిల్లలకు చుట్టములు చాలమంది ఉన్నారు. తండ్రి ఒక్కడే."

తండ్రి ఇంట లేకపోవుట, తండ్రి మితిమీరి గారాబము చేయుట వేరువేరు తప్పులని అంతవరకు అనుకొనుచుంటిమి. ఆ రాత్రి తెలిసినది, రెండును ఒకే తప్పు. ఇంట లేనివాడు లంచమిచ్చి హాజరు వేయించుకొనజూచును.

శ్రీమద్భాగవతమున దశమ స్కంధములోని ఒక కథ మీకందరకు తెలిసినదే. మేమును ఎన్నోసారులు చెప్పితిమి. ఆ రాత్రి తరువాత మాత్రమే దానిని తండ్రిగా విన్నాము. యశోద పెరుగు చిలుకుచుండెను. బాలకృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొనగా ఒడిలోనికి తీసికొని పాలిచ్చుచుండెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగినవి. ఆమె బిడ్డను దింపి పరుగెత్తెను. బిడ్డకు కోపము వచ్చి కుండ పగులగొట్టెను. లోనికి పోయి వెన్న తినెను. ఆమె తిరిగివచ్చి పగిలిన కుండను చూచి నవ్వెను. బోరగించిన రోలుపై నిలిచి కోతికి వెన్న పెట్టుచున్న కుమారుని చూచి, కర్ర పట్టుకొని వెంబడించి పట్టుకొనెను. వాడు భయపడి కన్నులు నులుముకొనుచు ఏడ్చెను. ఆ భయము చూచి ఆమె కర్రను పారవేసెను. పిదప త్రాటితో కట్టబోయెను. త్రాడు రెండంగుళములు తక్కువైనది. ఇంకొక త్రాడు ముడివేసినను రెండంగుళములే తక్కువ. ఇంటిలోని త్రాళ్లన్నియు తెచ్చినను అంతే. ఆమె అలసి చెమట పట్టియుండుట చూచి వాడే కట్టువడెను.

మొదట పాల సంగతి చూడుడు. సాక్షాత్తు యశోదయే బిడ్డను ఒడి నుండి దింపి పోయినది. ఆ పాలు ఎవరి కొరకు? ఆ బిడ్డ కొరకును, ఆ యింటి కొరకునే. కావున పనికి పోవు తల్లి పాపము చేయుచున్నదని మేము అనము. హోటలు పని, రేవు పని, ఇవి నేటి పొంగు పాలు. పట్టించుకొనకున్నచో పొయ్యి ఆరిపోవును. పోవుటలో దోషము లేదు. తిరిగివచ్చి "బిడ్డ ఎక్కడ?" అని వెదకకపోవుటలో దోషమున్నది. యశోద వెదకినది.

తరువాత పగిలిన కుండ. చిన్నబిడ్డ చేయు అల్లరిలో సగము "నీవు ఎక్కడికి పోతివి?" అను ప్రశ్నయే. వానికి ఆ ప్రశ్నను మాటలతో అడుగుట రాదు. రాత్రి పాళీ నుండి వచ్చిన తల్లి ఎదుట అన్నము పారబోయు బిడ్డ, ఫోనులో మాటలాడు తండ్రి ఎదుట చెల్లెలిని గిల్లు బిడ్డ కుండ పగులగొట్టుచున్నారని గ్రహింపుడు. పగిలిన కుండను చూచి యశోద ముందు నవ్వెను, తరువాతనే దండింపబోయెను. మన యిండ్లలో తరచుగా నవ్వు మరచిపోవుదుము.

ముఖ్యమైనది మూడవది. బిడ్డ భయము చూచి ఆమె కర్రను పారవేసెను. త్రాటిని మాత్రము పారవేయలేదు. ఈ ఒక్కటి పట్టుకొనినచో బిడ్డల పెంపకములో చాలభాగము పట్టుకొనినట్లే. కర్ర వేరు, కట్టు వేరు. భయపెట్టుట మానవలెనని కట్టుబాటును కూడ మానువారున్నారు. కట్టుబాటు ఉండవలెనని కర్రను విడువనివారున్నారు. ఆ తల్లి రెండు తప్పులును చేయలేదు.

ఆ రెండు తప్పులు చేసిన తండ్రులును మన పురాణములలో ఉన్నారు. మనము కొలుచు సింహాద్రి అప్పన్న వరాహ నరసింహుడు. ఆ నరసింహుని కథలో ఒక తండ్రి ఉన్నాడు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని ప్రేమింపలేదని ఎవరనగలరు? ఒడిలో కూర్చుండబెట్టుకొని ఏమి నేర్చుకొంటివని అడిగినవాడే. తాను కోరిన జవాబు రానందున ఒడి నుండి త్రోసివేసినాడు. అడుగుట తెలిసినది, వినుట తెలియలేదు. భారతమునందలి ధృతరాష్ట్రుడు దుర్యోధనుని ఏనాడును త్రోసివేయలేదు. తప్పని తెలిసియు అడ్డుకొని ఆపలేదు. ఒకనికి కర్ర మాత్రమే ఉన్నది, ఒకనికి త్రాడే లేదు. ఇద్దరి యిండ్లును కూలిపోయినవి.

కర్ర సంగతి వచ్చినది గనుక ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మన చిన్నతనమున బజారులో కొనిన బెత్తము ప్రతి యింటను గోడకు వ్రేలాడుచుండెడిది. మేమును దెబ్బలు తిన్నాము. దెబ్బలు తినియే బాగుపడితిమని చెప్పుకొనుట మనకు అలవాటు. నిజము చెప్పవలెనన్న, దెబ్బ తిన్ననాడు మేము నేర్చుకొన్నది తప్పు చేయకుండుట కాదు, దొరకకుండుట. 2020లో మన పార్లమెంటు చేసిన బాలల చట్టము 2022 జనవరి నుండి అమలునకు వచ్చెను. దండన పేరిట బిడ్డను కొట్టుటను, అవమానించుటను ఆ చట్టము నిషేధించినది. చట్టము వచ్చినదని కాదు, ధర్మము అదియే గనుక బెత్తమును గోడ నుండి దింపుడు. కాని దింపిన చోట ఖాళీగా ఉంచవలదు. నిద్రకు ఒక వేళ, భోజనమునకు ఒక వేళ, అబద్ధమాడరాదు, చేయి చేసికొనరాదు. ఇట్టివి నాలుగు చాలును. నలువది నియమములు పెట్టి ఒక్కటియు నిలుపలేని యింటికంటె, నాలుగు పెట్టి నాలుగును నిలుపు ఇల్లు మేలు.

నేటి కాలమున ఇంకొక గైర్హాజరు పుట్టినది. మనిషి ఇంటనే ఉండును, ముఖము ఉండదు. చేతిలో ఫోను ఉండును. మన సంఘమున ఒక ఉపాధ్యాయిని మాకు ఈ సంగతి చెప్పినది. 1970 దశకమున అమెరికా దేశములో ఎడ్వర్డ్ ట్రానిక్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు తల్లులతోను, నెలల బిడ్డలతోను ఒక పరిశీలన చేసెను. తల్లి బిడ్డతో ముందు నవ్వుచు మాటలాడవలెను. తరువాత కొద్ది నిమిషములు బిడ్డ ఎదుటనే కూర్చుండి, ముఖమున ఏ భావమును లేక ఊరక చూడవలెను. బిడ్డ నవ్వును, చేతులు చాచును, పిలుచును. తల్లి ముఖము కదలకున్నచో కలతపడి ముఖము త్రిప్పుకొనును, చివరకు ఏడ్చును. తల్లి మరల నవ్వినచో బిడ్డ క్రమముగా తేరుకొనును. ఇది విని మేము సిగ్గుపడితిమి. మనుమరాలు ఎదుట కూర్చుండి మేమును ఫోనులో వార్తలు చదువుచున్నాము గదా! బిడ్డ చేతికి ఫోను ఇచ్చి ఊరకుంచుటయు అట్టిదే. ఏడాది నిండని బిడ్డకు తెర చూపనే వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు ఒక గంట మించరాదనియు, తక్కువైన కొలది మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. మూడు నాలుగేండ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి పది మొదలు పదమూడు గంటల నిద్ర కావలెననియు ఆ సంస్థయే చెప్పినది. నిద్ర చాలని బిడ్డ మొండికేయును. ఆ మొండితనమును చూచి మనము కసరుదుము. సగము కసురులు నిద్రతో పోవును.

మా యింట ఆ రాత్రి తరువాత ఏమి చేసితిమో చెప్పి ముగించెదము. ఆదివారము మధ్యాహ్నము మూడు గంటల పిదప పూజలు ఒప్పుకొనమని సంఘమునకు తెలిపితిమి. రెండు కుటుంబములు అలిగినవి. దక్షిణ తగ్గినది. మా తండ్రిగారి పద్ధతిని తిరిగి పట్టుకొంటిమి. దీపము పెట్టిన వేళ పిల్లల పేర్లు పిలుచుట. మిల్లులో రాత్రి పాళీ ఉన్ననాడు ఉదయమే పిలుచుచుంటిమి. పిలుచు వేళ మారవచ్చును, పిలుపు తప్పరాదు.

పనికి పోవునప్పుడు బిడ్డ చూడకుండ దొంగతనముగా జారుకొనుట మానితిమి. ఏడ్చినను చెప్పియే పోవలెను, ఎప్పుడు వచ్చెదమో చెప్పవలెను, చెప్పిన వేళకు రావలెను. చెప్పకుండ పోయినచో బిడ్డ ఆ దినమంతయు తలుపు వైపే చూచును. ఇంట ఉన్ననాడు కూడ కొంగు విడువదు.

భార్యాభర్తలు పిల్లల ఎదుట ఒకే మాట చెప్పవలెనని నిశ్చయించుకొంటిమి. భేదమున్నచో పిల్లలు నిద్రించిన పిదప వాదించుకొంటిమి. మామ్మకు, తాతకు కూడ ఈ మాట చెప్పవలసియున్నది. వారు చేయు సాయము గొప్పది. కాని తల్లి వద్దన్న మిఠాయిని చాటుగా పెట్టుట సాయము కాదు.

కసరిన నాడు బిడ్డ యొద్దకు పోయి, "తప్పు చేసితిని, అలసటచే అరచితిని" అని చెప్పుట నేర్చుకొంటిమి. ఇది మాకు అన్నిటికంటె కష్టమైనది. పూజారి నోట ఆ మాట సులభముగా రాదు. చెప్పినందున గౌరవము తగ్గునని భయపడితిమి, తగ్గలేదు. కొన్నాళ్లకు వాడును తన తప్పు తానే వచ్చి చెప్పుట మొదలుపెట్టెను.

పురుషులకు ఒక మాట. కసురు చాలవరకు అలసట నుండి పుట్టును. భార్యయు భర్తయు సమానముగా పనికి పోవుచున్నప్పుడు వంట, బట్టలు, పిల్లల స్నానము ఒక్కతెమీద వేసి, ఆమె కసరుచున్నదని చెప్పుట న్యాయము కాదు. దీపములో నూనె పోయక వెలుగు లేదనరాదు. గిన్నెలు కడుగుటయు పిల్లల పెంపకమే.

ఏ భాషలో మాటలాడవలెనని కొందరు అడుగుదురు. తెలుగు వచ్చినచో తెలుగున పిలువుడు. రాకున్న క్రియోలులోనే పిలువుడు. బిడ్డ మాట వినుట ముఖ్యము. వినువారున్న యింట భాషయు నిలుచును. తెలుగు మాకు బడిలో వచ్చినదానికంటె, ఆ గడప దగ్గర మా తండ్రికి జవాబు చెప్పుటలో వచ్చినది ఎక్కువ.

ఇక, తల్లీ, నీ ప్రశ్నకు జవాబు. నీవు చెప్పినది దోషము కాదు గనుక దానికి శాంతి పూజ లేదు. నీవును నీ భర్తయు పాలు పొంగకుండ చూచుటకు పోవుచున్నారు. ఐనను పూజ అడిగినవారిని వట్టిచేతులతో పంపుట మాకు అలవాటు లేదు. నలువది దినములు ఈ నోము పట్టుము. దీపము పెట్టిన వేళ, నీవుగాని నీ భర్తగాని, ఇంట ఎవరున్నచో వారు, ఇద్దరు పిల్లలను పేరు పెట్టి పిలువుడు. ఫోను వేరొక గదిలో ఉంచుడు. తలపై చేయి పెట్టి ఒక్క మాట అడిగి, చెప్పుట ముగియు వరకు వినుడు. రెండేండ్ల బిడ్డకు చెప్పుట రాదు, చేయి చాలును. పాళీలో ఉన్నవారు విరామ సమయమున ఇంటికి ఫోను చేసి పేర్లు పిలువుడు. ఒకనాడు తప్పినచో నోము చెడదు, మరునాడు పట్టుము. రెండు దినముల కూలి కోయు సర్దారు ఈ లెక్కలో లేడు. త్రాడు ప్రతిదినము రెండంగుళములు తక్కువగానే ఉండును. ఆ రెండంగుళములలో ఒకటి మన ప్రయత్నము, ఒకటి భగవంతుని దయ అని పెద్దలు చెప్పుదురు. నీవంతు నీవు ముడివేయుము.

మా కుమారునికి ఇప్పుడు నలువది దాటినవి. వానికి ఆరేండ్ల కుమార్తె కలదు. ప్రతి ఆదివారము సాయంకాలము మాకు ఫోను చేయును. చీకటి పడుచుండగా, మేము ఎంత ముఖ్యమైన సంగతి చెప్పుచున్నను, "నానా, పిల్లను పిలువవలసిన వేళయైనది" అని మాట మధ్యలోనే ఫోను పెట్టివేయును. మాకు కోపము రాదు. ఆ గులకరాయిని వాడు తిరిగి వరుసలో పెట్టెనో లేదో మేము ఎన్నడును అడుగలేదు.

సింహాద్రి అప్పన్న మన యిండ్లను, మన బిడ్డలను చల్లగా చూచుగాక. వచ్చే సంచికలో, ముసలితనమున తల్లిదండ్రుల పేరు పెట్టి పిలువవలసిన వంతు బిడ్డలది గదా, ఆ సంగతి ముచ్చటించెదము.